3జీ నిలిచిపోయాక మా కారుకు ఎస్‌ఓఎస్ సేవను తిరిగి తెచ్చుకున్న విధం

అమెరికాలో 2022 ముగిసేసరికి ప్రధాన మొబైల్ కంపెనీలన్నీ 3జీని నిలిపివేయడంతో, 3జీ మీదే నడిచే మా పాత కారులో ఎస్‌ఓఎస్ (అత్యవసర సహాయ) బటన్ పక్కన ఎర్రదీపం వెలిగింది. యాప్‌తో తలుపులు తెరవలేకపోయినా సర్దుకోవచ్చు గానీ, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోగానే సహాయ కేంద్రానికి కారే స్వయంగా చేసే కాల్ కూడా ఆగిపోవడం నన్ను నిజంగా కలవరపెట్టింది. లోపలి మోడెమ్ 4జీ సంకేతాలను అందుకోలేనిది కనుక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రయోజనం లేదని గ్రహించి, డీలర్ వద్ద ఆ మోడెమ్ ఉండే టెలిమాటిక్స్ యూనిట్‌నే, అంటే కారును మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపే పరికరాన్నే మార్పించాను. ఓబీడీ పోర్టుకు (కారు లోపాలను పరీక్షించేందుకు ఉండే సాకెట్‌కు) తగిలించే పరికరం చవకే అయినా, నేను చూసినది ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థతో ముడిపడి లేనందున వద్దనుకున్నాను. కొత్త యూనిట్ గుర్తింపు సంఖ్య వేరు కాబట్టి ఖాతాలో కారును తొలగించి మళ్లీ నమోదు చేశాను. ఆపై సహాయ కేంద్రానికి పరీక్షగా కాల్ చేసి, కారు ఉన్న చోటు వారికి సరిగ్గా కనబడుతోందని నిర్ధారించుకున్నాను.