చెల్లో నేర్చుకుంటున్నారా? ముందు ఎడమ బొటనవేలిని వదలండి

వయొలిన్ లాంటిదే అయినా దానికంటే చాలా పెద్దదైన, కూర్చుని విల్లుతో వాయించే వాయిద్యం చెల్లో. అది పట్టిన కొత్తలో నొప్పి మొదలయ్యేది బొటనవేలి దగ్గరే. నాకూ అంతే. మా అనంతపురంలో చెల్లో చెప్పేవాళ్లు దొరక్క నెలకోసారి బెంగళూరు బస్సెక్కి వెళ్లి ఒకాయన దగ్గర మొదలుపెట్టాను, తీగను గట్టిగా నొక్కితేనే స్వరం తేటగా పలుకుతుందని ఆయన చెప్తే అది నమ్మి మూడు నెలలు పట్టకారుతో పట్టినట్టు బిగించి వాయించాను. చివరికి ఎడమ చేత్తో నీళ్ల బకెట్ ఎత్తాలన్నా సలుపే. మీరు ఆ తప్పు చేయకండి.

బొటనవేలు చెల్లో మెడ (తీగల కింద ఉండే పొడవాటి కట్టె) వెనకాల, మధ్యవేలికి ఎదురుగా ఊరికే ఆని ఉండాలి, అంతే. తీగను కిందికి దించేది చేతి బరువు. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే బొటనవేలు పూర్తిగా తీసేసి ఒక స్వరం వాయించి చూడండి. చెల్లో మోకాళ్ల మధ్య ఛాతీకి ఆని ఉంటుంది కాబట్టి ఎక్కడికీ పోదు, మోచేతిని కొద్దిగా వెనక్కి వేలాడనిస్తే ఆ బరువుకే తీగ దిగుతుంది. రోజూ మొదటి ఐదు నిమిషాలు ఇలా బొటనవేలు లేకుండానే వాయించండి. అప్పుడు దాన్ని మళ్లీ ఆనించినా బిగించాలనిపించదు.

వేళ్ల వంపు ఎలా ఉండాలంటే, వేడి వేడి రాగి సంగటి ముద్దను చేతిలోకి తీసుకున్నప్పుడు వేళ్లు ఎలా వంగుతాయో గుర్తు తెచ్చుకోండి. ముద్ద చితకకూడదు, జారకూడదు. సరిగ్గా అదే వంపు. గోళ్లు బాగా కత్తిరించుకోవాలి, వేలి కొస మెత్తటి భాగం తీగ మీద పడాలి. మణికట్టు లోపలికి కుంగకుండా మోచేయి నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఒకే వాలులో ఉండేలా చూసుకోండి, అద్దం ముందు కూర్చుంటే ఇది తేలిగ్గా తెలుస్తుంది.

ఇక అసలు విషయం, వేళ్ల మధ్య దూరం. చెల్లోలో చూపుడువేలు 1, మధ్యవేలు 2, ఉంగరపు వేలు 3, చిటికెనవేలు 4. తీగలు కింది స్థాయి నుంచి సి, జి, డి, ఎ. డి తీగను షడ్జమం (స) అనుకోండి. 1 చతుశ్రుతి రిషభం, 2 సాధారణ గాంధారం, 3 అంతర గాంధారం, 4 శుద్ధ మధ్యమం, ఆ పైన ఖాళీ ఎ తీగే పంచమం. అంటే వేలికొక స్వరస్థానం! ఎ తీగ మీద 1 చతుశ్రుతి ధైవతం, 3 కాకలి నిషాదం, 4 పై షడ్జమం. శంకరాభరణం రాగం మొత్తం చెయ్యి కదలకుండా వచ్చేస్తుంది. రెండు తీగల మీదా 3కు బదులు 2 వేస్తే ఖరహరప్రియ రాగం.

మనం సంగీతం మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టే అలవాటు ఉన్నవాళ్లం కదా, చెల్లో మీద మాత్రం దాన్ని కొన్నాళ్లు ఆపండి. అందులో వచ్చే శుద్ధ రిషభం కోసం చూపుడువేలిని వెనక్కి చాచాలి. పెద్దవాళ్ల చెల్లోలో మోగే తీగ పొడవు సుమారు 69 సెం.మీ., వయొలిన్‌కు రెట్టింపు. మామూలుగా 1 నుంచి 4 దాకా దాదాపు 10 సెం.మీ. సాగే చెయ్యి ఇక్కడ 13 దాటి సాగాలి. శంకరాభరణంలో చెయ్యి కుదురుకున్నాక, బొటనవేలిని, మిగతా మూడు వేళ్లను కదపకుండా చూపుడువేలిని ఒక్కదాన్నే నిటారుగా వెనక్కి చాచడం నేర్చుకోండి. స్పెయిన్ చెల్లో విద్వాంసుడు పాబ్లో కసాల్స్ (1876–1973) లాంటి మహానుభావుడు చేతిని అటూ ఇటూ జరపడం తగ్గించుకోడానికి వాడుకున్నది కూడా ఇలా చాచడాన్నే.

స్థానాలు గుర్తుండాలంటే దర్జీ టేపుతో మెడ పైకొసన తీగలు ఆనే చిన్న కట్టె నుంచి కొలిచి 7.5, 11, 14.2, 17.3 సెం.మీ. దగ్గర సన్నటి స్టిక్కర్లు వేసుకోండి, ట్యూనర్ యాప్‌తో సరిచూసుకోండి. కానీ చెవిని కూడా నమ్మండి. ఎ తీగ మీద 4తో పై షడ్జమం పట్టి, విల్లు ఆ తీగకే తగిలేలా లాగి, డి తీగ వైపు చూడండి. స్వరం సరిగ్గా కుదిరిందంటే ఎవరూ ముట్టుకోని డి తీగ తనంతట తాను వణుకుతుంది, సన్నటి తీగ కాస్త మసక మసకగా, లావుగా కనిపిస్తుంది. వేలు ఒక్క వెంట్రుకవాసి జరిగినా ఆ వణుకు ఆగిపోతుంది. మొదటిసారి ఇది చూసిన సాయంత్రం నేను ఆ ఒక్క స్వరాన్నే గంటసేపు వాయించాను, ఇప్పటికీ రోజూ దానితోనే మొదలుపెడతాను.

4 వేసినప్పుడు 1, 2, 3 కూడా తీగ మీదే ఉండనివ్వండి, చిటికెనవేలు ఒంటరిగా బరువు మోయలేదు.

ఇంకా పై స్వరాల స్థానాలకు చెయ్యి జరిపేటప్పుడు వేలు ఒక్కటే పాకకూడదు. ముందు వేలి బరువు తేలిక చేసి, మోచేయి, ముంజేయి, బొటనవేలు అన్నీ కలిసి కదలాలి, చేరాక మళ్లీ బరువు దించాలి. మెడ వచ్చి చెల్లో పెట్టెకు కలిసేచోట బొటనవేలికి వంపు తగులుతుంది, అప్పుడు ఎ తీగ మీద చూపుడువేలు పై రిషభం మీద ఉంటుంది. చీకట్లో గుమ్మం తడిమినట్టు ఆ వంపే మనకు గుర్తు. కర్ణాటక సంగీతం విని పెరిగిన చెయ్యి ప్రతిచోటా జారాలనే చూస్తుంది. జారు, గమకం (స్వరాన్ని జార్చడం, ఊపడం) తర్వాత వేద్దురు గానీ ముందు శుభ్రంగా చేరడం రావాలి.

ఎండాకాలంలో మన వైపు గాలి మరీ పొడిగా ఉంటుంది, తీగలు బిగించే బిరడాలు వదులై తీగల శ్రుతి దిగిపోతుంది. బిరడాను లోపలికి నొక్కుతూ తిప్పండి, వాయిద్యాన్ని ఎండ తగిలే కిటికీ దగ్గరా కూలర్ ఎదురుగా పెట్టకండి. శ్రుతి చూసుకున్నాకే స్టిక్కర్లను నమ్మండి, లేకపోతే వేలు సరిగ్గానే ఉన్నా స్వరం తప్పు పలికి మీకు అనవసరంగా టెన్షన్. సాధన పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు చాలు, బొటనవేలి మొదట్లో సలుపు మొదలైతే ఆ పూటకు విల్లు వదులు చేసి పక్కన పెట్టేయండి.