లినక్స్‌లో పైథాన్ సెటప్: సిస్టమ్ పైథాన్ జోలికి పోకుండా ఎలా చేయాలి?

ఉబుంటు గానీ డెబియన్ గానీ నడుస్తున్న కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రాములు రాయడానికి కావలసినవన్నీ సిద్ధం చేసుకోవడం పెద్ద పనేమీ కాదు. అయినా చాలామంది ఒకే చోట పొరపాటు చేసి, చివరికి సిస్టమ్ మొత్తాన్ని మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవలసిన స్థితికి రావడం నేను పదేపదే చూశాను. ఆ చోటు మూడో మెట్టులో వస్తుంది కాబట్టి ముందువి త్వరగా ముగిద్దాం. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో టైప్ చేయాలి.

మొదటి మెట్టు: టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, అది పూర్తయ్యాక ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’ ఇవ్వండి. సుడో అంటే కమాండ్‌ను అడ్మినిస్ట్రేటర్ అధికారంతో నడిపేది, ఆప్ట్ అంటే సిస్టమ్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసేది.

రెండో మెట్టు: ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ తరువాత బిల్డ్-ఎసెన్షియల్, గిట్, పైథాన్3-వెన్వ్, పైథాన్3-డెవ్ అనే నాలుగు పేర్లు వరుసగా రాసి ఎంటర్ నొక్కండి. సీ కంపైలర్, మేక్ వంటివి మొదటి ప్యాకేజీతో వస్తాయి. పైథాన్ లైబ్రరీలలో కొన్ని ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు సీ కోడ్‌ను కంపైల్ చేస్తాయి కనుక దీన్ని వదిలేయకూడదు.

మూడో మెట్టు దగ్గర ఆగి నిదానంగా చదవండి. మీ కంప్యూటర్‌లో పైథాన్ ముందే ఉంటుంది, ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12. అయితే అది ఆపరేటింగ్ సిస్టమ్ తన పనులకోసం ఉంచుకున్న పైథాన్. ఈ రెండు ఉబుంటు వెర్షన్లలోనూ టెర్మినల్‌ను తెరిచే ఫైలే ఒక పైథాన్ స్క్రిప్టు. కొత్త వెర్షన్ కావాలన్న తొందరలో పైథాన్3 అనే లింకును వేరే వెర్షన్ వైపు తిప్పిన ఒక మిత్రుడి కంప్యూటర్‌లో ఆ తరువాత టెర్మినల్ ఐకాన్‌పై ఎన్నిసార్లు నొక్కినా విండో తెరుచుకోలేదు, ఎర్రర్ మెసేజ్ కూడా రాలేదు. ఆ స్క్రిప్టుకు కావలసిన లైబ్రరీ పాత వెర్షన్‌కు మాత్రమే ఉండడమే కారణం. ఆ లింకును ఎప్పుడూ మార్చకండి. వేరే వెర్షన్ తప్పనిసరైతే పైఎన్వ్ (వేర్వేరు పైథాన్ వెర్షన్లను విడివిడిగా పెట్టుకునే టూల్) ద్వారా మీ హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకోండి.

రెండో తప్పు ‘సుడో పిప్ ఇన్‌స్టాల్’. పిప్ అంటే పైథాన్ లైబ్రరీలను దించి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాము. ఇలా దించిన లైబ్రరీ, ఆప్ట్ ఇన్‌స్టాల్ చేసిన అదే లైబ్రరీ కంటే ముందు పైథాన్ కంటబడుతుంది. దాంతో సిస్టమ్ ప్రోగ్రాములు తాము ఎరగని వెర్షన్‌తో నడవబోయి ఆగిపోతాయి. అందుకే 2023లో వచ్చిన డెబియన్ 12, ఉబుంటు 23.04 మొదలుకొని పిప్ ఈ పనికి ఒప్పుకోకుండా ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని అడ్డు చెబుతోంది. ఆ అడ్డును దాటడానికి ‘బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్’ అనే ఆప్షన్ ఉన్నా దాన్ని వాడకండి.

సరైన పద్ధతి వెన్వ్, అంటే ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉండే పైథాన్ ఎన్విరాన్‌మెంట్. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్లి ‘పైథాన్3 -ఎం వెన్వ్ .వెన్వ్’ అని ఇవ్వండి. పేరు .వెన్వ్ అనే ఉండాలి, ఫోల్డర్ ప్రాజెక్టు లోపలే ఉండాలి. తరువాత ‘సోర్స్ .వెన్వ్/బిన్/యాక్టివేట్’ ఇస్తే ప్రాంప్ట్ ముందు బ్రాకెట్లలో ఆ పేరు కనిపిస్తుంది. దానితో తృప్తిపడక ‘విచ్ పైథాన్’ అని అడగండి. జవాబుగా వచ్చిన పాత్ మీ ప్రాజెక్టు ఫోల్డర్‌లోదై ఉండాలి. ‘/యూఎస్ఆర్/బిన్’ కనిపిస్తే అక్కడే ఆగి, యాక్టివేట్ చేసే కమాండ్‌ను మళ్లీ ఇవ్వండి.

ఇక్కడినుంచి పిప్ ముందు సుడో రాకూడదు. సుడో సాధారణంగా మీ పాత్‌ను (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాను) పక్కనపెట్టి తనదైన పాత్‌ను వాడుతుంది కనుక, వెన్వ్ యాక్టివేట్ అయి ఉన్నా ‘సుడో పిప్’ అన్నది సిస్టమ్ పిప్‌నే పిలుస్తుంది. అలాగే వెన్వ్‌లోని స్క్రిప్టుల్లో పూర్తి పాత్ రాసి ఉంటుంది కాబట్టి ఫోల్డర్‌ను మరోచోటికి మార్చినా, పేరు మార్చినా అది సరిగా పనిచేయదు. ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చే జాబితాను రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో భద్రపరచుకుంటే, పాత వెన్వ్‌ను తీసేసి కొత్తది తయారు చేసుకోవడం కొద్ది నిమిషాల పని.

అనకొండ (పైథాన్‌ను, అనేక లైబ్రరీలను కలిపి ఇచ్చే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే ఇదంతా అక్కర్లేదు కదా అని తరచుగా అడుగుతారు. అది మీరు ఎన్నడూ వాడని వందలాది ప్యాకేజీలను ఒకేసారి తెచ్చిపెడుతుంది. ఇన్‌స్టాలర్ అడిగిన ప్రశ్నకు అవునంటే టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ తన బేస్ ఎన్విరాన్‌మెంట్‌ను ముందుకు తెస్తుంది. అప్పుడు ఏ పైథాన్ నడుస్తోందో కొత్తవారికి అర్థం కాదు. వెన్వ్ 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచీ భాషతోపాటే ఉంది కాబట్టి నేర్చుకోవలసింది దానినే.

నాలుగో మెట్టు: ఎడిటర్‌ను చివరనే పెట్టుకోవాలి. వీఎస్ కోడ్ అయితే డెబ్ ఫైల్‌ను దాని అధికారిక సైట్ నుంచి దించి ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసి, పైథాన్ ఎక్స్‌టెన్షన్‌ను చేర్చండి. ప్రాజెక్టు ఫోల్డర్‌ను తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, పీ మీటలు కలిపి నొక్కి, ‘సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ దగ్గర .వెన్వ్ ఉన్నదాన్ని ఎంచుకోండి. ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీ కిందే ఎడిటర్ గీత గీస్తూ ఉంటే, ముందుగా చూడవలసింది ఈ ఎంపికనే.