గల్లాపెట్టెలో పాత నోట్లు: వేటిని పక్కన పెట్టాలి, ధర ఎలా కట్టాలి

పాత నోట్ల కోసం ఏటీఎం దగ్గర నిలబడి లాభం లేదు. పదులు, ఇరవైలు, ఐదు రూపాయల నోట్లు తిరిగే చోటు పట్టుకోవాలి: కిరాణా కొట్టు, కూరగాయల బండి, బస్సు కండక్టరు సంచి. రాత్రి కొట్టు కట్టేసే ముందు గల్లా లెక్కపెడతారు. ఆ వేళకి వెళ్లి వెయ్యి రూపాయలిచ్చి పదుల కట్ట తీసుకోండి. ఆ కట్టలోని వంద నోట్లూ తిరగేసి, పనికొచ్చినవి ఉంచుకుని మిగతావి ఖర్చుపెట్టేయొచ్చు. ఖర్చల్లా టైమే.

ముందు నోటు వెనక్కి తిప్పండి. 2005 నుంచి అచ్చయిన వాటికి వెనకవైపు కింద, మధ్యలో సంవత్సరం ఉంటుంది. అది లేకపోతే అంతకు ముందుదన్నమాట. 2014 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇలాంటి నోట్లను చలామణీ నుంచి తీసేస్తున్నట్టు ప్రకటించింది, అందుకే ఇప్పుడు తక్కువ కనిపిస్తాయి. చిన్న నోట్లయితే ఇప్పటికీ చెల్లుతాయి. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటు తీసుకోనన్న కొట్టువాడిదే తప్పు.

తర్వాత సంతకం. గాంధీ బొమ్మ సిరీస్ 1996లో మొదలైంది, సి. రంగరాజన్ 1997 నవంబరులో రిజర్వు బ్యాంకు గవర్నరు పదవి దిగిపోయారు. కాబట్టి ఆయన సంతకంతో గాంధీ నోటు దొరికితే ఖర్చుపెట్టకండి. తర్వాత బిమల్ జలాన్, వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు వరసగా వస్తారు. రూపాయి నోటు మీద మాత్రం గవర్నరు సంతకం ఉండదు, అది కేంద్ర ప్రభుత్వం వేసే నోటు కనక ఆర్థిక శాఖ కార్యదర్శి చేస్తారు. మన్మోహన్ సింగ్ రెండు ఉద్యోగాలూ చేశారు కాబట్టి ఆయన సంతకం రెండు రకాల నోట్ల మీదా దొరుకుతుంది.

ఇక నంబరు దగ్గర ఆగి చూడాలి. అంకెల వెనక లేత రంగులో ఒక పెద్ద ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, కొన్నింటికి ఉండదు. దాన్ని ఇన్‌సెట్ అంటారు. సంతకం, సంవత్సరం ఒకటే అయినా ఇన్‌సెట్ మారితే సేకరించేవాళ్లకు అది వేరే నోటు. విలువ, సంతకం, సంవత్సరం, ఇన్‌సెట్: ఈ నాలుగూ రాసిపెట్టుకోకుండా ఎవరినీ ధర అడక్కండి, సరైన జవాబు రాదు.

నంబరు ముందుండే అక్షరాలకీ అంకెలకీ మధ్య నక్షత్రం గుర్తు ఉంటే అది స్టార్ నోటు. అచ్చులో పాడైన నోటు స్థానంలో కట్టలో పెట్టేది. 2006లో పది, ఇరవై, యాభై నోట్లతో మొదలైంది. నలిగిన స్టార్ నోటుకు పెద్దగా ఏమీ రాదు. మడత పడనిదైతే దాచండి.

786 గురించి చాలా భ్రమలున్నాయి. లెక్క చూడండి: ఆరంకెల నంబర్లు పది లక్షల్లో 786 ఎక్కడో ఒకచోట వచ్చేవి 3,999. అంటే సగటున ప్రతి 250 నోట్లకూ ఒకటి. దానికి లక్షలిస్తామనేవాణ్ణి ఎలా నమ్ముతారు? 786786 అయితే మాట వేరు, ముందు అక్షరాలు ఒకటే అయిన పది లక్షల నోట్లలో ఒక్కటే. 111111 నుంచి 999999 దాకా ఆరూ ఒకే అంకె అయినవి తొమ్మిది. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే అయ్యేవి, 274472 లాంటివి, వెయ్యికొకటి.

అచ్చుతప్పుల నోట్లకు మంచి గిరాకీ ఉంది: అంచున అదనపు కాగితం మిగిలినవి, రెండు చోట్లా నంబరు వేరువేరుగా పడ్డవి, నంబరు పడనివి. మోసం కూడా ఇక్కడే ఎక్కువ. నంబరు లేని నోటు కనబడితే భూతద్దం పెట్టి ఆ చోటు చూడండి. రబ్బరుతోనో మందుతోనో చెరిపితే కాగితం పీచు లేచి ఉంటుంది, చుట్టూ ఉన్న లేత గీతలు కూడా పలచబడతాయి.

ధరను తేల్చేది నోటు స్థితే. దీపం వెలుగు పక్కనుంచి పడేలా నోటును వంచి పట్టుకోండి, నడిమి మడత గీతలా మెరుస్తుంది. ఒక్క మడతా లేకపోతే యుఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్), అంటే చలామణీలో తిరగని నోటు. బ్యాంకులు కట్టలకు పిన్నులు కొట్టడం ఆపాలని 2001లో ఆదేశం వచ్చింది, కనక అంతకు ముందు నోట్లకు ఎడమవైపు పిన్ను చిల్లులుంటే కంగారు పడక్కర్లేదు. ఉతకడం, ఇస్త్రీ చేయడం, టేపు అంటించడం, లామినేషన్ వద్దే వద్దు. నాలుగింట్లో ఏది చేసినా నోటు విలువ పోతుంది. పీవీసీ కవర్లు కాలం గడిచాక జిగటగా మారి రంగు లాగేస్తాయి, పాలిస్టర్ కవర్లు కొనండి.

వెబ్‌సైట్లలో అమ్మేవాడు పెట్టిన ధరను లెక్కలోకి తీసుకోకండి. వేలం సంస్థలు అమ్ముడైన ధరలు చూపిస్తాయి, అదే స్థితిలో ఉన్న అదే రకం నోటువి కనీసం మూడు చూడండి. డీలరు అంతకన్నా తక్కువే ఇస్తాడు, అతనికీ లాభం కావాలిగా. ముందుగా ఫీజో పన్నో కట్టమని రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయండి. పాత నోట్ల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది.

2016లో రద్దయిన ఐదొందలు, వెయ్యి నోట్ల విషయంలో చట్టం చూసుకోవాలి. 2017 చట్టం ప్రకారం మామూలుగా రెండూ కలిపి పదికి మించి ఉంచుకోకూడదు. సేకరణ కోసమో పరిశోధన కోసమో అయితే 25 దాకా పర్వాలేదు. దాటితే జరిమానా పదివేల దాకా, లేదా ఆ నోట్ల ముఖ విలువకు ఐదు రెట్ల దాకా, ఏది ఎక్కువైతే అది.