వానలు దిగకముందే బడిపిల్లలకు నేర్పాల్సిన తిండి జాగ్రత్తలు

బళ్ళు జూన్ 12న తెరుస్తారు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు వానలు మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే. బోర్ల చుట్టూ, కుళాయిల కింద మురికినీరు నిలవగానే వాంతులు, విరేచనాలు బయల్దేరతాయి. 2024 అక్టోబరులో గుర్ల మండలంలో అతిసారం ఎలా ప్రబలిందో విజయనగరం జిల్లావాళ్ళకు గుర్తుచేయక్కర్లేదు. అందుకే ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఈ పాఠం మొదటి వారంలోనే చెప్పేయాలి.

‘సూక్ష్మక్రిములు’ అని బోర్డు మీద రాస్తే ఆరేళ్ళ పిల్లకి ఎక్కదు. ఒక పిల్లాడి అరచేతికి రంగు సుద్దపొడి రాయండి. వాడు పక్కవాడికి చెయ్యి కలుపుతాడు, వాడు ఇంకొకడికి. కాసేపట్లో పలక మీద, బ్యాగు జిప్పు మీద, ఎవరో ఒకరి ముక్కు మీద ఎర్రరంగు తేలుతుంది. నవ్వుతారు, నవ్వనివ్వండి. తర్వాత అరచేతికి కాస్త కొబ్బరినూనె రాసి, అదే పొడి అద్ది, ఉత్త నీళ్ళతో కడగమనండి. పూర్తిగా వదలదు. సబ్బు రుద్దితే వదులుతుంది. సబ్బు ఎందుకో ఇక వివరించే పనే లేదు.

ఎంతసేపు రుద్దాలంటే, రెండో ఎక్కం నిదానంగా చెప్పేంతసేపు. సుమారు 20 సెకన్లు. వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కింద మరీ ముఖ్యం. సబ్బు మాయమవుతోందని కొన్ని బళ్ళలో బీరువాలో దాస్తారు. బీరువాలో సబ్బు ఎవరి చేతులు కడుగుతుంది? ఉల్లిపాయల వలసంచి ముక్కలో వేసి కుళాయికి కట్టేయండి, అక్కడే ఉంటుంది.

మంచినీళ్ళ డ్రమ్ములో గ్లాసు ముంచనివ్వకండి. గ్లాసుతో పాటు వేళ్ళూ మునుగుతాయి. కుళాయి ఉన్న డ్రమ్ము గానీ, పొడుగు కాడ ఉన్న గరిటె గానీ పెట్టాలి. నీళ్ళ మీద అనుమానం ఉంటే బాగా మరిగించి చల్లార్చడమే దారి.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఇస్తారు కదా, కొందరు పిల్లలు తినకుండా జేబులో వేసుకుంటారు. ఇంట్లో తమ్ముడికట! మనసు మంచిదే కానీ, పెంకు పగిలిన గుడ్డు ఆ ఉక్కపోతలో సాయంత్రం దాకా ఆగదు. వండిన తిండి ఏదైనా బయట 2 గంటలు దాటితే అనుమానమే. ఆ పిల్లలను తిట్టకుండా, ‘ఇక్కడే తినెయ్ అమ్మా’ అని దగ్గర కూర్చోబెట్టుకోండి.

తల్లులకు ఒక మాట. ‘మా అమ్మమ్మ చద్దన్నం తినే పెరిగింది’ అంటారు. పొద్దున్నే ఇంట్లో తినేది వేరు, రాత్రి మిగిలిన అన్నాన్ని పులిహోర కలిపి మధ్యాహ్నం దాకా బాక్సులో ఉంచడం వేరు. బయట నిలవున్న అన్నంలో ఒక రకం బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. మళ్ళీ వేడి చేసినా అది పోదు.

ఈ రోజుల్లోనే నేరేడు పళ్ళు రాలతాయి. కింద పడ్డవి ఏరి, గౌనుకి తుడిచి నోట్లో వేసుకుంటారు. తినొద్దంటే వినరు, నాకూ ఆ ఆశ లేదు. మంచినీళ్ళతో కడిగాకే తినాలన్న ఒక్క షరతు పెట్టండి. పానీపూరి, పుల్లఐసు మాత్రం వానలు తగ్గేదాకా వద్దనే చెప్పాలి, ఆ నీళ్ళు ఎక్కడివో మనకు తెలీదు.

ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. చిన్నపిల్లలు మింగేయకుండా నమిలి తినేలా చూడండి.

ఇన్ని చేసినా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టాలి. పెద్ద ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరు నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్, గ్లాసు నీళ్ళు అని అందాజుగా కలపకూడదు. వాంతి చేసుకుంటే 10 నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. కలిపిన ఓఆర్‌ఎస్ 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. కళ్ళు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, పిల్ల మగతగా ఉన్నా ఇంటి వైద్యంతో సరిపెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.