సెన్సర్ మార్చినా పి0340 మళ్లీ వస్తుంటే

కామ్ సెన్సర్ (వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ ఏ స్థానంలో ఉందో ఇంజన్ కంప్యూటర్‌కు చెప్పేది) కొత్తది వేసినా పి0340 అనే ఫాల్ట్ కోడ్ తిరిగొస్తే ఇంకో సెన్సర్ కొనకండి. ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో లోపం ఉందని. సెన్సరే పోయిందని కాదు.

నేను చూసిన కారులోది మూడు వైర్ల హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టి పనిచేసే రకం). దాన్ని ఓమ్స్‌లో కొలిస్తే ఏమీ తేలదు. కనెక్టర్ తగిలించే ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి కొలిచాను. సప్లై 5 వోల్టులు సరిగ్గా ఉంది (కొన్ని బండ్లకు 12 ఉంటుంది, వైరింగ్ డయాగ్రం చూసుకోవాలి). ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య 0.1 వోల్టు దాటకూడదు. ఇంజన్ చల్లగా ఉండగా దాటలేదు. వేడెక్కాక హార్నెస్ (వైర్ల కట్ట) కదిలిస్తే మాత్రం 0.8కి ఎగబాకింది. అందుకే చల్లటి ఇంజన్ మీద చేసిన పరీక్షను నమ్మకూడదు. బ్రాకెట్ అంచు దగ్గర టేపు విప్పితే, పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు చాలావరకు తెగి, చిలుము పట్టి ఆకుపచ్చగా మారాయి.

పాడైన ముక్క కోసేసి, అదే మందం వైరు క్రింప్ చేసి, హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం) తొడిగి, బ్రాకెట్‌కు తగలకుండా క్లిప్ పెట్టాను. కోడ్ తుడిచి, పూర్తిగా వేడెక్కేదాకా నడిపినా మళ్లీ రాలేదు.

పి0016 (క్రాంక్‌షాఫ్ట్, కామ్‌షాఫ్ట్ స్థానాలకు పొంతన కుదరడం లేదని చెప్పే కోడ్) కూడా తోడైతే వైర్లతో పాటు టైమింగ్ చైన్ సాగిందేమో, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు తప్పిందేమో చూడాలి.