గూగుల్‌లో మీ దుకాణం కనబడాలంటే: యాడ్ చేసే పనేంటి, సబ్మిషన్ చేసే పనేంటి?

"నెలకింత కట్టండి, మీ సైటు ఫస్ట్ పేజీలో ఉంటది" అన్న ఫోన్ రాని దుకాణదారు వరంగల్ చౌరస్తాలో దొరకడం కష్టం. ఆ ఫోన్‌లో యాడ్, సబ్మిషన్, ర్యాంకు అనే మూడు వేర్వేరు పనులను ముడేసి ఒకే బేరంగా చెప్తారు. ముందు ఆ ముడి విప్పాలి.

యాడ్‌కు కట్టిన డబ్బు యాడ్ వరకే. 'స్పాన్సర్డ్' అని రాసి ఉండే చోట మీ పేరు వస్తుంది, బడ్జెట్ అయిపోగానే పోతుంది. మామూలు ఫలితాల్లో మీ సైటు 30వ స్థానంలో ఉంటే, లక్ష రూపాయల యాడ్ ఇచ్చినా ఆ లక్ష వల్ల 29కి రాదు. సబ్మిషన్ అంటే ఫలానా చోట ఒక పేజీ ఉందని గూగుల్‌కు కబురు పెట్టడం. కబురు అందితే వచ్చి చూస్తుంది. చూసి తన ఇండెక్స్‌లో, అంటే వెతికినవాళ్లకు చూపే పేజీల జాబితాలో పెట్టుకోవాలా, ఎన్నో వరుసలో చూపాలా అన్నది దాని ఇష్టం. ర్యాంకుకు ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన గైడ్‌లోనే రాసింది.

కొత్తవాడలో దర్రీలు అమ్మే ఒక దుకాణం సైటు పెట్టిందనుకుందాం. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది కాబట్టి ఎక్కడెక్కడివాళ్లో వెతుకుతారు. వాళ్లకు ఈ దుకాణం దొరకాలంటే పనులు ఈ వరుసలో సాగాలి.

1. సైటు ఇండెక్స్‌లో ఉందా, లేదా?

గూగుల్‌లో ఇంగ్లిష్‌లో 'సైట్' అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు రాయండి. మీ పేజీలు వస్తే సరే. ఒక్కటీ రాకపోతే తలుపు లోపల గడియ పడి ఉందేమో చూడాలి.

వర్డ్‌ప్రెస్ సైటయితే సెట్టింగ్స్‌లో రీడింగ్‌లోకి వెళ్లండి. అక్కడ 'సెర్చ్ ఇంజిన్ విజిబిలిటీ' పక్కన టిక్ ఉంటే తీసేయండి. సైటు కట్టేటప్పుడు డెవలపర్ ఆ టిక్ పెట్టి, అప్పగించేటప్పుడు తీయడం మర్చిపోవడం మామూలే. ఆ తర్వాత రోబోట్స్ ఫైలు తెరిచి చూడండి. సైటులో ఏవి చదవొచ్చో, ఏవి వద్దో బాట్లకు, అంటే పేజీలను చదివే ప్రోగ్రాములకు చెప్పేది అదే. అన్ని బాట్లకూ వర్తించే చోట 'డిస్‌అలౌ' పక్కన ఒక్క స్లాష్ గీత మాత్రమే ఉంటే మొత్తం సైటును చదవొద్దని చెప్పినట్టు.

ఇక్కడే ఒక మోసం ఉంది. ఈ టిక్ ఉన్నా, ఆ గీత ఉన్నా యాడ్ నడుస్తుంది. యాడ్ పేజీలను తనిఖీ చేసే గూగుల్ బాట్ వేరు, రోబోట్స్ ఫైలులో అందరికీ కలిపి రాసిన నిషేధాన్ని అది లెక్కచేయదు. ఓనరేమో పొద్దున్నే పేరు కొట్టి, పైన కనబడగానే అంతా బాగుందనుకుంటాడు. ఆర్నెల్లకు యాడ్ ఆపితే సైటు పూర్తిగా మాయమవుతుంది. ఆపినందుకు గూగుల్ పగబట్టిందని అనుకుంటారు కానీ, సైటు అసలు ఎప్పుడూ లోపలికే పోలేదు.

2. కబురు మీరే పెట్టండి, ఉచితం

ఎవరైనా అడ్రస్ పడేసే పాత సబ్మిట్ ఫారాన్ని గూగుల్ 2018లోనే ఎత్తేసింది. ఇప్పుడు దారి సెర్చ్ కన్సోల్, సైటు ఓనర్ల కోసం గూగుల్ ఇచ్చే ఉచిత టూల్. డెవలపర్ మెయిల్‌తో కాకుండా మీ సొంత జీమెయిల్‌తో తెరవండి. డెవలపర్‌తో మాట తేడా వచ్చిన రోజు దీని విలువ తెలుస్తుంది. డొమైన్ కూడా మీ పేరు మీదే ఉండాలి.

అందులో 'డొమైన్ ప్రాపర్టీ' ఎంచుకుంటే ఒక టీఎక్స్‌టీ రికార్డు, అంటే డొమైన్ మీదేనని రుజువు చేసే చిన్న కోడ్ ఇస్తుంది. దాన్ని డొమైన్ కొన్నచోట డీఎన్ఎస్ సెట్టింగ్స్‌లో అతికించాలి. వెరిఫై అయ్యాక సైట్‌మ్యాప్ (మీ పేజీల అడ్రస్‌ల జాబితా ఉన్న ఫైలు) అడ్రస్ ఇవ్వండి. ఒక సైట్‌మ్యాప్‌లో 50,000 అడ్రస్‌ల దాకా పడతాయి, దుకాణానికి ఒక్కటి చాలు. ముఖ్యమైన నాలుగైదు పేజీలను పైనున్న ఇన్‌స్పెక్షన్ పెట్టెలో ఒక్కొక్కటిగా వేసి 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కండి. రోజుకు కోటా ఉంటుంది. ఒకే పేజీకి పదిసార్లు నొక్కితే పని తొందరగా ఏమీ కాదు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు పట్టొచ్చు.

'డిస్కవర్డ్, నాట్ ఇండెక్స్‌డ్' అని వస్తే అడ్రస్ తెలిసింది, ఇంకా వచ్చి చూడలేదు. 'క్రాల్డ్, నాట్ ఇండెక్స్‌డ్' అంటే చూసింది, ఇంకా పెట్టుకోలేదు. రెండో దానికి సబ్మిషన్ మందు కాదు, పేజీలో సరుకు పెంచాలి.

మరో సెర్చ్ ఇంజిన్ బింగ్‌కు కూడా కబురు పెట్టాలంటే, బింగ్ వెబ్‌మాస్టర్ టూల్స్‌లో సెర్చ్ కన్సోల్ నుంచే ఇంపోర్ట్ చేసుకునే వీలుంది, పది నిమిషాల పని.

"500 సైట్లలో సబ్మిట్ చేస్తాం" అన్న ప్యాకేజీ జోలికి పోవద్దు. ఎవరూ చూడని డైరెక్టరీల్లో పేరు పడితే గిరాకీ రాదు. ర్యాంకు కోసం కొన్న లింకులైతే గూగుల్ స్పామ్ నియమాలకే విరుద్ధం. ఆ సమయం గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ మీద పెట్టండి, మ్యాప్‌లో కనబడేది దానివల్లే. 2021లో జిల్లాల పేర్లు మారినా, ఇంకా 'వరంగల్ అర్బన్' అని ఉన్న అడ్రస్‌లు చాలా ఉన్నాయి. సైటులో, ప్రొఫైల్‌లో ఒకే అడ్రస్, ఒకే ఫోన్ నంబర్ ఉంచండి.

3. పేజీలో అక్షరాలు ఉండాలి

హోమ్ పేజీ అంతా ఒకే పోస్టర్ బొమ్మగా ఉంటే గూగుల్‌కు చదవడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఒక్కో రకానికి ఒక్కో పేజీ పెట్టి, నూలుదా ఉన్నిదా, చేతిమగ్గమా కాదా, 4×6 అడుగులా 6×9నా, ధర, ఉతికే పద్ధతి, కొరియర్ ఎన్ని రోజులు అన్నవి అక్షరాల్లో రాయండి. ఒకరు దర్రీ అంటారు, ఒకరు జంపఖానా అంటారు. హన్మకొండ అని కొట్టేవాళ్లున్నారు, హనుమకొండ అని కొట్టేవాళ్లూ ఉన్నారు. మీ గిరాకీ నోట్లో ఏ మాట ఉందో అది పేజీలో ఎక్కడో ఒకచోట సహజంగా పడాలి.

4. చిన్న యాడ్, అసలు పరీక్ష

యాడ్‌ను పరీక్షగా వాడటం తెలివైన పని. రోజుకు 300 రూపాయలు పెట్టారనుకోండి. గూగుల్ ఏ ఒక్కరోజైనా దానికి రెట్టింపు, అంటే 600 దాకా ఖర్చు చేయొచ్చు. నెలలో మాత్రం 300×30.4, అంటే 9,120 దాటదు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 10,760.

సెర్చ్ క్యాంపెయిన్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపేది) టిక్ ఉంటే తీసేయండి. లొకేషన్ ఆప్షన్లలో మామూలుగా 'ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లు' కూడా కలిసే ఉంటారు. అంటే డల్లాస్‌లో కూర్చుని వరంగల్ గురించి వెతికే మనవాడికీ యాడ్ పడొచ్చు. అక్కడికి సరుకు పంపకపోతే 'ప్రెజెన్స్' (ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే) మాత్రమే ఉంచండి.

వారానికోసారి సెర్చ్ టర్మ్స్ రిపోర్టు చదవండి. జనం నిజంగా ఏం కొట్టి మీ యాడ్ దాకా వచ్చారో అక్కడ చాలావరకు కనబడుతుంది. 'కార్పెట్' అన్న మాటను బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దగ్గరి మాటలకూ యాడ్ చూపే పద్ధతిలో పెడితే ఫ్లాట్ కొనేవాడి 'కార్పెట్ ఏరియా' వెతుకులాట కూడా వచ్చి మీ నెత్తిన పడుతుంది, క్లిక్కు పైసలు మీవే. 'ఏరియా', 'క్లీనింగ్' లాంటివి నెగెటివ్ కీవర్డ్స్‌లో (ఈ మాటలుంటే యాడ్ చూపొద్దని చెప్పే జాబితాలో) వేయండి. నిజంగా కొన్నవాళ్లు కొట్టిన మాటలను మూడో మెట్టులోని పేజీల్లోకి తీసుకెళ్లండి. యాడ్, ర్యాంకు కలిసే చోటు ఆ పేజీ ఒక్కటే. పేజీ బాగుంటే యాడ్ నాణ్యత స్కోరు పెరిగి క్లిక్ ధర తగ్గే అవకాశం ఉంది, ఆ పేజీయే మామూలు ఫలితాల్లోనూ పనికొస్తుంది.

మీ దుకాణం పేరు మీదే యాడ్ పెట్టారా? పేరు కొట్టేవాడు ఎలాగూ మీ కోసమే వెతుకుతున్నాడు, మామూలు ఫలితాల్లో మీరే మొదట ఉంటే ఉచితంగా వచ్చేవాడికి డబ్బు కట్టినట్టే. సెర్చ్ కన్సోల్‌ను యాడ్స్ ఖాతాకు కలిపితే 'పెయిడ్ అండ్ ఆర్గానిక్' రిపోర్టులో రెండూ పక్కపక్కన కనబడతాయి. ఆ ఒక్క యాడ్ రెండు వారాలు ఆపి లెక్క చూసుకోండి. పోటీవాళ్లు మీ పేరు మీద యాడ్ వేస్తుంటే మాత్రం ఉంచుకోవాల్సిందే.

5. తేదీ ఉన్న పనికి యాడ్, తేదీ లేనిదానికి పేజీ

మేడారం జాతరకు కాజీపేట స్టేషన్ నుంచి బండ్లు నడిపేవాళ్లకు జాతర వారంలో పెట్టిన కొత్త పేజీ దాదాపు దండగ. అది ఇండెక్స్‌లోకి వచ్చి, వరుసలో పైకి జరిగేలోపు అమ్మవార్లు వనప్రవేశం చేసేస్తారు. పేజీని మూడు నాలుగు నెలల ముందే పెట్టి, జాతర దగ్గరపడ్డాక యాడ్ నడపండి. అయిపోయాక యాడ్ ఆపండి కానీ పేజీ తీసేయకండి. అదే అడ్రస్‌లో ఉంచి, రెండేళ్లకు మళ్లీ జాతర వచ్చేటప్పుడు తేదీలు, రేట్లు మార్చి ఇంకోసారి 'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' నొక్కండి.