రిడ్జ్ ట్రెక్‌లో వాతావరణం చెడితే: సమస్య - పరిష్కారం

విశాఖలో ఉక్కపోతకు చొక్కా తడిసిపోతున్న రోజున కూడా అరకు దారిలోని గాలికొండ, అనంతగిరి వైపు పైన చలిగా ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. పైగా గాలి, వాన. అక్టోబరు, నవంబరుల్లోనే మనకు ట్రెక్కుల మోజు, బంగాళాఖాతంలో తుపాన్లు లేచేదీ అప్పుడే. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. సిటీ ఎండ చూసి బ్యాగు సర్దకండి.

సమస్య: తోటివాడు వణుకుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది, జాకెట్ జిప్ కూడా పెట్టుకోలేకపోతున్నాడు.

కారణం: తడిసిన కాటన్ టీషర్టు, జీన్స్, వాటి మీద ఆగని గాలి. ఒంట్లో వేడి తయారయ్యేదాని కన్నా త్వరగా పోతోంది. ఇది హైపోథర్మియా. దీనికి మంచు పడక్కర్లేదు, 10 డిగ్రీల పైన కూడా వస్తుంది. అన్నిటికంటే నాకు భయం దీని గురించే. ఎందుకంటే అడిగితే ఆ మనిషి "నాకేం కాలేదు, పదండి" అనే అంటాడు.

పరిష్కారం: అతని మాట వినకండి. గాలి తగలని వాలుకు దింపండి. తడి బట్టలు పూర్తిగా విప్పి పొడివి వేయండి, తలకు టోపీ లేదా తువ్వాలు చుట్టండి. కింద మ్యాట్ వేసి కూర్చోబెట్టండి, నేల కూడా వేడిని లాగేస్తుంది. మింగగలిగితే వేడిగా తియ్యటి టీ ఇవ్వండి. మద్యం వద్దు, చేతులూ కాళ్లూ రుద్దొద్దు. ఒళ్లు చల్లగానే ఉండి వణుకు ఆగిపోయిందంటే తగ్గినట్టు కాదు, ముదిరినట్టు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఒక జత బట్టలు పాలిథిన్ కవర్లో మూతి కట్టి పెట్టుకుంటేనే ఇవన్నీ చేయగలరు. బ్యాగు రెయిన్ కవర్ని నమ్ముకోవద్దు, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి.

సమస్య: ఉరుము వినిపించింది.

ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగలదు. రిడ్జ్ (కొండ వెన్ను) మీద ఎత్తుగా ఉన్నది మీరే. ఫొటోలు ఆపి వెంటనే దిగండి. ఒంటరి చెట్టు, రాతి చూరు కింద నిలబడొద్దు. ఒకరికొకరు దూరంగా ఉండండి. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ పైకి కదలండి. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఇంటి దగ్గరే చూసుకోండి, పైన సిగ్నల్ దొరకకపోవచ్చు.

సమస్య: మబ్బు కమ్మి దారి కనపడటం లేదు.

ఆగండి. గుర్తున్న చివరి చోటుకి వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. అడ్డదారిన లోయలోకి దిగితే వాగుల్లో, తుప్పల్లో ఇరుక్కుంటారు.

సమస్య: పొద్దున దాటిన గెడ్డ (వాగు) ఇప్పుడు ఎర్రగా పారుతోంది.

మీ దగ్గర వాన ఆగినా పైన కురుస్తోందన్నమాట. మోకాలి లోతే అనిపించినా దిగొద్దు. ఎత్తులో కూర్చుని నీళ్లు తగ్గేదాకా ఆగండి, రాత్రయినా సరే.